పెరటి ముచ్చట: అసలు వస, దొంగ వస

పోయిన నెల మన సంఘం కూటమిలో కాఫీ గ్లాసు చేతికందిస్తూ ఒక సోదరి మమ్మల్ని నిలదీసి అడిగారు. “ఏమండీ, పెరటి ముచ్చట వ్రాసేవారూ! మేము కాశ్మీరం పోయి వచ్చాము. అక్కడ పొలం గట్లమీద, గోరీలమీద కత్తుల్లాంటి ఆకుల నడుమ ఊదారంగు పువ్వు విరగబూచి ఉన్నది. పేరడిగితే ఐరిస్ అన్నారు. దుంపలు నాలుగు సంచిలో వేసుకొని వచ్చాను. మన దేవనహళ్ళిలో బతుకుతాయా, బతకవా? తేల్చి చెప్పండి.”

తేల్చి చెప్పడానికి మాకు నోరు రాలేదు. “వచ్చే నెల పత్రికలో వ్రాస్తాము తల్లీ” అని గడువు పుచ్చుకున్నాము. ఇరవై ఏండ్లుగా ఆఫీసులో ఫైళ్ళమీద “పరిశీలనలో ఉన్నది” అని వ్రాసి వ్రాసి అలవాటైన చెయ్యి గదా! నిజానికి ఈ ఫైలు మాకు కొత్తది కాదు. మేమూ ఒకసారి ఆ ముచ్చట పడి, చేతులు కాల్చుకున్నవాళ్ళమే. అందుచేతనే వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఆరేండ్ల కిందట మా ఆఫీసులో ఒక మిత్రుడు శ్రీనగరం వెళ్ళి, కుంకుమపువ్వుతోపాటు రెండు ఐరిస్ దుంపలు కూడా తెచ్చి మా చేతిలో పెట్టాడు. అల్లం కొమ్ములాగా ఉన్నవి. ఇంటికి తెచ్చి, ఎర్రమన్నులో బాగా మాగిన పేడ కలిపి, పెద్ద కుండీలో నాలుగంగుళాల లోతున పాతిపెట్టాము. పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు నీళ్ళు. చంటిపిల్లను చూచినట్లు చూచాము. మే నెలలో రెండాకులు వేసినవి. మా ఇంటావిడ దానికి పసుపు కుంకుమ పెట్టడమొక్కటే తక్కువ. శ్రావణమాసం వానలు పట్టుకున్నాయి, ఆకులు వాలిపోయినవి, లాగితే చేతిలోకి ఊడివచ్చినవి, దుంప మెత్తనై ముక్కు పట్టలేనంత కంపు కొట్టినది.

మా అమ్మగారు అరుగుమీదనుంచి అంతా చూస్తూ ఉన్నారు. ఆమె బడిమెట్లు ఎక్కినవారు కారు. “దానికి ఈడ నిద్ర పట్టలేదురా అబ్బాయా” అన్నారు. అంతే.

ఆ మాట మాకు చాలాకాలం తరువాతగాని బోధపడలేదు. ఆదివారాలు లాల్‌బాగులో తిరిగి, తోటమాలులను అడిగి, ఇంగ్లీషు పుస్తకాలు అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాక తెలిసినది: మా అమ్మగారు చెప్పినదే శాస్త్రం. దుంపజాతి మొక్కలలో చాలావాటికి ఏడాదిలో ఒక నిద్ర ఉంటుంది. ఆ నిద్ర ఎప్పుడు, ఎంతసేపు, తడిలోనా పొడిలోనా, చలిలోనా వేడిలోనా అన్నది తెలిస్తే ఆ మొక్కను పెంచడం తెలిసినట్లే. కాశ్మీరపు ఐరిస్ చలికాలమంతా మంచుకింద పడుకుంటుంది. ఆ చలి కొన్ని వారాలపాటు తగిలితేనే దానికి మొగ్గ కట్టే బుద్ధి పుడుతుంది. వేసవిలో మళ్ళీ దాని దుంప పొడినేలమీద ఎండ కాచుకోవాలి. అందుకే దానిని లోతుగా పాతకూడదు. వీపు పైకి కనబడేటట్లు పైపైన పడుకోబెట్టాలి. మేము చేసినదేమిటి? లోతుగా పాతి, రెండుపూటలా నీళ్ళుపోసి, వానలో నిలబెట్టాము. మన దేవనహళ్ళి సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు దగ్గరలో ఉన్నమాట నిజమే. పుష్యమాసంలో తెల్లవారుజామున శాలువా కప్పుకుంటామన్న మాటా నిజమే. కాని ఐరిస్‌కు ఆ శాలువాచలి చాలదు. దానికి కావలసినప్పుడు చలి లేక, అక్కరలేనప్పుడు తడి ఎక్కువై, పాపం, కుళ్ళిపోయినది.

ఐరిస్ జాతులు లోకంలో మూడు వందల దాకా ఉన్నాయని శాస్త్రజ్ఞుల లెక్క. అన్నీ భూగోళపు ఉత్తరార్ధంలోనే పుట్టినవి. భూమధ్యరేఖకు దక్షిణాన అడవి ఐరిస్ ఒక్కటీ లేదు. మన దేశంలో పుట్టినవి హిమాలయాలలోనివి. మన దక్షిణాదిలో సహజంగా మొలిచిన ఐరిస్ లేదు. ఐరిస్ అన్నది గ్రీకులకు ఇంద్రధనుస్సు దేవత పేరు. పువ్వులో ఉండే రంగులను చూచి ఆ పేరు పెట్టారు.

మనవారికి మాత్రం ఈ మొక్క బొత్తిగా తెలియదని అనుకోకండి. ఆయుర్వేద గ్రంథాలలో వస రకాలు చెప్పేచోట “హైమవతి” అనే తెల్లవస ఒకటి వస్తుంది. హిమవంతం దగ్గరి వస అన్నమాట. అది ఐరిస్ దుంపేనని చెప్పిన పండితులు కొందరు ఉన్నారు. ఇక సీమదేశం సంగతి చూడండి. అక్కడి ఏటి ఒడ్డులలో పసుపుపచ్చని ఐరిస్ ఒకటి పెరుగుతుంది. దానికి 1753లో లిన్నేయస్ అనే స్వీడను పండితుడు పెట్టిన లాటిను పేరు “ఐరిస్ సూడాకోరస్”. ఆకోరస్ అంటే వస. సూడాకోరస్ అంటే దొంగ వస! హిమాలయంలో మనవాళ్ళు ఐరిస్‌ను చూచి “ఇదొక వస” అన్నారు. అంత దూరాన ఆ దొరగారు ఐరిస్‌ను చూచి “ఇది వస కాదు, వసలాగా వేషం వేసినది” అన్నాడు. పువ్వు లేనప్పుడు రెండూ పక్కపక్కన పెడితే నిజంగానే ఒకే తల్లి బిడ్డల్లాగా ఉంటాయి: నేలమీద పాకే దుంప, దానినుంచి విసనకర్రలాగా లేచే కత్తి ఆకులు. తేడా తెలియాలంటే ఆకు నలిపి వాసన చూడండి. ఘుమఘుమలాడితే వస, గడ్డివాసన వస్తే ఐరిస్. వస ఆకుకు ఈనె సరిగా నడిమధ్యన ఉండక కాస్త పక్కకు జరిగి ఉంటుంది. చుట్టరికం మాత్రం వాటి మధ్య ఏమీ లేదు; పోలికే గాని పొత్తు లేదు.

సరే, వెచ్చని దక్షిణాదిలో అడవి ఐరిస్ ఎక్కడా లేదా అంటే, ఉన్నది. కాని ఆ దక్షిణాది మనది కాదు, అమెరికా వారిది. మా మేనకోడలు టెక్సాసు రాష్ట్రం హ్యూస్టన్‌లో కాపురముంటున్నది. ఒక వసంతకాలంలో పక్క రాష్ట్రమైన లూసియానాకు కారులో పోయి, బురదమడుగులో మనిషి నడుమెత్తున లేచిన నీలిపూల ఫోటో పంపి, “మామా, ఇది అవ్వ బావిగట్టున ఉన్న వసలాగా లేదూ?” అని వ్రాసినది. ఆ ఒక్క ఫోటో పట్టుకొని మేము ఆ పువ్వు కథంతా వెదికి చదివాము. చదివినకొద్దీ అది మన ఊరి కథలాగానే తోచినది. అందుకే ఇక్కడ చెపుతున్నాము.

న్యూ ఆర్లియన్సు పట్టణం చుట్టూ ఒకప్పుడు మైళ్ళకొద్దీ చిత్తడినేలలు. వాటిలో ఐరిస్‌లు ఎవరూ నాటకుండా, ఎవరూ నీరు పోయకుండా పూచేవి. నీలం, ఊదా, తెలుపు, రాగిరంగు. అక్కడ మంచు అరుదు. గాలి మన కోస్తా గాలిలాగా ఉక్కపోత. ఆ ఐరిస్‌లకు నిద్ర వేసవిలో. అవి శరత్కాలంలో చిగిర్చి, మార్చి, ఏప్రిల్ నెలలలో పూస్తాయి. 1925లో న్యూయార్కు వృక్షశాస్త్ర ఉద్యానానికి చెందిన జాన్ స్మాల్ అనే పండితుడు వాటిని చూచి నివ్వెరపోయాడు. మళ్ళీ మళ్ళీ వచ్చి, రంగు రంగుకొక పేరు పెడుతూ ఎనభైకి దగ్గరగా కొత్త జాతులని వ్రాసుకున్నాడు. తరువాతివారు పరిశీలించి, అవి చాలామట్టుకు తమలో తాము కలిసి పుట్టిన సంకరాలని, అసలు జాతులు కొద్దేనని తేల్చారు. ఈనాడు అయిదు జాతులని లెక్క. అందులో ఒకటి ఆబెవిల్ అనే ఊరి దగ్గర కొద్దిపాటి బురదనేలలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా లేదు. దానికి శాస్త్రీయమైన పేరు వచ్చినదే 1966లో.

ఆ పండితుడు పేర్లు పెడుతూ ఉండగానే పట్టణం పెరుగుతూ వచ్చినది. కాలువలు తవ్వి నీళ్ళు తోడేశారు, మన్ను పోసి మెరక చేశారు, ఇండ్లు లేచాయి. అప్పుడు కొందరు గృహస్థులు, వారిలో ఆడవారే ముందు, బూట్లు తొడుక్కొని, గోనెసంచులు పట్టుకొని బురదలో దిగారు. లఫాయెట్ ఊరి మేరీ డిబైయన్, ఉత్తర లూసియానాకు చెందిన కారొలీన్ డార్మన్ అనే ఇద్దరి పేర్లు అక్కడివారు ఈనాటికీ చెప్పుకుంటారు. దొరికిన దుంపలు తమ తోటలకు తెచ్చి, పెంచి, విడదీసి, అడిగినవారికల్లా పంచారు. 1941లో లఫాయెట్‌లో ఈ ఐరిస్‌ల కోసమే ఒక సంఘం వెలసినది. 1990లో వాటిలో పెద్ద నీలిపువ్వును లూసియానా ప్రభుత్వం తన రాష్ట్రపు అడవిపువ్వుగా ప్రకటించినది. నేడు ఆస్ట్రేలియాలో వెచ్చని ప్రాంతాలవారు కూడా వాటి సంతతిని పెంచుతున్నారు. ఈనాటికీ ఎక్కడైనా బురదనేల పూడ్చబోతున్నారని తెలిస్తే, భూమిగలవారి అనుమతి పుచ్చుకొని, అక్కడి ఔత్సాహికులు దుంపలు తవ్వి ఉద్యానవనాలకు తరలిస్తూ ఉంటారు.

ఇదంతా వ్రాశాక మా మేనకోడలు ఊరుకుంటుందా? “మామా, వచ్చే సెలవులకు వస్తున్నాను. పెట్టెలో బట్టల మధ్య ఒక దుంప పెట్టుకొని వస్తాను. దిగేది మన ఊరి విమానాశ్రయంలోనే గదా!” అన్నది. మేము వద్దన్నాము. విదేశపు మొక్కగాని, దుంపగాని, విత్తనంగాని మన దేశంలోకి తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశంవారు ఇచ్చిన మొక్క ఆరోగ్యపత్రం ఉండవలెనని 2003 నాటి ప్రభుత్వ ఉత్తరువు. “రెండంగుళాల దుంపకు ఇన్ని కాగితాలా మామా?” అని నవ్వినది. కాగితాలతో బతికే మాకు ఈ ఒక్కచోట ఆ కాగితం మీద గౌరవమే. మన చెరువులను మింగేసిన గుర్రపుడెక్క ఎక్కడిది? దక్షిణ అమెరికానుంచి వచ్చినది. ఊదాపూలు అందంగా ఉన్నాయని దేశదేశాలవారు ముద్దుగా తెచ్చి పెట్టుకున్నదే. ఆ పసుపు దొంగవస కూడా అమెరికాలో తోటలనుంచి తప్పించుకొని ఏళ్ళలో, వాగులలో పాతుకుపోయినది. కొన్ని రాష్ట్రాలవారు దానిని కలుపుగా ప్రకటించి నిషేధించారు.

అందుకని పరాయి మొక్క ప్రతిదీ తప్పని మేమనడం లేదు. మన కోట దగ్గర పుట్టిన టిప్పు సుల్తాను, తండ్రి మొదలుపెట్టిన లాల్‌బాగుకు దేశదేశాల మొక్కలు తెప్పించాడు. మన ఊరికి పేరు తెచ్చి, భౌగోళిక గుర్తింపు కూడా పొందిన దేవనహళ్ళి చకోత ఉన్నదే, ఆ పంపరపనస పుట్టిల్లు కూడా ఆగ్నేయాసియా అంటారు. వచ్చినది ఎక్కడినుంచి అని కాదు. వచ్చి ఇరుగుపొరుగులతో ఒద్దికగా ఉన్నదా, లేక ఇల్లంతా ఆక్రమించినదా అన్నదే ప్రశ్న. ఈ మాట మొక్కలకే చెపుతున్నాము సుమా!

ఇప్పుడు మా మేనకోడలు గుర్తుచేసిన బావిగట్టు వస సంగతికి వస్తాము.

ఊరికి ఆవల, చెరువుకాలువ దిగువన మాకు రెండెకరాల పొలం ఉండేది. అందులో మా తాతగారి నాటి కపిలబావి. కపిల పోయి మోటారు వచ్చినా, నీళ్ళు పారే తూము పక్కన బారెడు చోటులో వస దుబ్బు మాత్రం ఎన్నడూ పోలేదు. మా అవ్వ కాపురానికి వచ్చేటప్పుడు హిందూపురం దగ్గరి పుట్టింటినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటినదట. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ దుంపే సానరాయిమీద అరగదీసి ఉగ్గులో పోశారు. వస పోస్తే మాట త్వరగా వస్తుందని గదా మన నమ్మకం. ఎడతెరిపి లేకుండా మాట్లాడేవారిని “వసపిట్ట” అనడం ఇందుకే. మా చిన్నప్పుడు ఇంటికి ఎవరు వచ్చినా, “మీవాడికి వస కాస్త ఎక్కువ పోశారమ్మా” అని మా అమ్మగారితో చెప్పిపోయేవారు.

2008 మే నెలలో మన విమానాశ్రయం తెరిచారు. తరువాత జరిగినది మీకందరికీ తెలిసినదే. నిన్న రాగి పండిన నేలలో నేడు సిమెంటు రాళ్ళు మొలిచినవి. మా అన్నదమ్ములం నలుగురం, రెండెకరాలు, పిల్లల చదువులు, ఒక పెండ్లి, ఒక ఆపరేషను. మేమూ అమ్మాము. ఎవరినో తిట్టే అర్హత మాకు లేదు. కాగితాలు చక్కగా చదివి, సరిచూచి, సంతకం చేసినది ఈ చెయ్యే.

డబ్బు పంచుకొని ఇంటికి వచ్చిన రాత్రి, అన్నాలు తినేటప్పుడు మా అమ్మగారు విస్తరి ముందునుంచి తలెత్తకుండానే అడిగారు. “పొలమైతే అమ్మితిరి, సరే. ఆ వస ఎవరికమ్మితిరి?”

మాలో ఒక్కరికీ జవాబు లేదు. క్రయపత్రంలో బావి ఉన్నది, మోటారు ఉన్నది, రెండు టెంకాయచెట్లు, ఒక చకోతచెట్టు ఉన్నవి, వస లేదు. అది ఎవరి లెక్కలోకీ రాలేదు.

తెల్లవారకముందే గడ్డపార, గోనెసంచి తీసుకొని తమ్ముడూ మేమూ వెళ్ళాము. జేసీబీ అప్పటికే వచ్చి నిలిచి ఉన్నది. బావి సగం పూడిపోయినది. కాపలా ఉన్న ముసలాయనకు కన్నడంలో విషయం చెప్పాము. “బజెనా? తీసుకోండి స్వామీ, దానినెవరు అడుగుతారు?” అన్నాడు. తూము పక్కన దుబ్బు సగం మట్టికింద పడిపోయి ఉన్నది. చేతులతో తవ్వి రెండు ముద్దలు పైకి తీశాము. అరచేతులకు ఆ వాసన రెండురోజులు పోలేదు. ఆ వాసన తగిలేసరికి మాకు మా అవ్వ చెయ్యి, సానరాయి, చిన్న వెండి ఉగ్గుగిన్నె కళ్ళ ఎదుట నిలిచాయి. ఆఫీసులో ఆ పొద్దంతా ఒక్క అక్షరం వ్రాయలేదు.

ఒక ముద్ద నేలలో పెట్టాము. నీళ్ళు చాలక వేసవిలో ఎండిపోయినది. రెండోది పగిలిన సిమెంటు తొట్టిలో పెట్టాము, అదే బతికినది. ఇప్పుడు తొట్టి నిండా ఉన్నది. అప్పుడు మాకు లూసియానాలోని ఆ గోనెసంచుల గృహిణులు చేసిన పని అర్థమైనది. పట్టణం పెరగడాన్ని వారు ఆపలేదు, ఆపగలిగినవారూ కారు. పోతున్నది పూర్తిగా పోకుండా ఒక్కొక్క ఇంటి పెరట్లో ఒక్కొక్క దుబ్బుగా నిలబెట్టారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చెప్పకపోతే మాకు దోషం వస్తుంది. మా తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు మా అమ్మగారు సానరాయి కడిగి తెచ్చారు. పిల్లల డాక్టరు వద్దంటే వద్దన్నారు. మన దేశపు వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఎక్కువ. ఎలుకలకు మేపి చూస్తే కంతులు లేచినవని తేలడంచేత అమెరికా ప్రభుత్వం 1968లోనే వసను ఆహారపదార్థాలలో వాడకూడదని నిషేధించినది. పసిబిడ్డలకు పోస్తే వాంతులు కావడం, చేతికి కట్టిన వసముక్కలను నోట పెట్టుకోవడంవల్ల ప్రమాదం జరగడం కూడా వైద్యులు చూచినవే. ఆరునెలల వరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని నేటి వైద్యం చెపుతున్నది. “మిమ్మల్నందరినీ దీంతోనే గదా పెంచితిమి” అని మా అమ్మగారు రెండుదినాలు మాటలాడలేదు. మూడోదినం సానరాయి తీసి అటకమీద పెట్టేశారు. “సరే, వస పొయ్యను. నేను మాట్లాడతాను గదా, అదే పోసినట్లు” అని, బిడ్డను కాళ్ళమీద వేసుకొని స్నానం చేయించేటప్పుడల్లా, నిద్రపుచ్చేటప్పుడల్లా ఏదో ఒకటి చెపుతూనే ఉండేవారు. ఆ పిల్లకిప్పుడు నాలుగేండ్లు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. ఇంట్లో మాత్రం అవ్వతో తెలుగులో తగవులాడుతుంది. చుక్క వస తాగకుండానే అసలైన వసపిట్ట అయినది. మన సంఘంలో “పిల్లలకు తెలుగు రావడం లేదు” అని వాపోయే తల్లిదండ్రులు మా అమ్మగారి మందు ఒకసారి వాడి చూడవచ్చును. దానికి ఏ నిషేధమూ లేదు.

వస మరి ఎందుకు పెంచడం అంటారా? చూడడానికి, వాసనకు, జ్ఞాపకానికి. పెంచడం బహు సులువు. అడుగున చిల్లిలేని తొట్టిగాని, పాత బకెట్టుగాని తీసుకోండి. చెరువు వండ్రు, ఎర్రమన్ను, మాగిన పేడ కలిపి సగానికి పైగా నింపండి. చిగురున్న దుంపముక్కను రెండంగుళాల లోతున పెట్టి, మన్ను ఎప్పుడూ బురదగా ఉండేటట్లు నీళ్ళు పోయండి. మన్నుమీద నీళ్ళు నిలిచినా దోమలు చేరకుండా చూచుకోవాలి. రెండు గప్పీ చేపలు వేస్తే సరిపోతుంది. ఎండ సగంపూట తగిలినా చాలు. తడి ఉన్నంతకాలం అది మన ఊళ్ళో నిద్ర ఎరగదు. రెండేండ్లకొకసారి పైకి తీసి విడదీయాలి. పువ్వు కోసం కాచుకోకండి. పూచినా, చిన్న మొక్కజొన్న కండెలాగా పచ్చగా ఉంటుంది, చూచినవారు పువ్వని పోల్చుకోలేరు. పెద్ద ఎత్తున పెంచడం చూడాలంటే తుమకూరు జిల్లా కొరటగెరె తాలూకా పోవచ్చును. అక్కడి రైతులు బజెను మడికట్టి పంటగా పండిస్తారు. మన గ్రంధిగె అంగళ్ళలో దొరికే వసకొమ్ము చాలావరకు ఎండినది గనుక మొలవదు.

కంటికి పువ్వే కావాలంటే ఐరిస్ కుటుంబంలోనే మన ఎండకు ఓర్చేవి ఉన్నాయి. నారింజరంగు రేకులమీద ఎర్రచుక్కలుండే చిరుత ఐరిస్ ఒకటి. కాయ పగిలితే నల్లని గింజలు నేరేడుపండ్లలాగా మెరుస్తాయి. దానిని చాలాకాలం వేరే పేరుతో పిలిచి, 2005లో ఐరిస్‌లలో చేర్చారు. హిమాలయపు దిగువలలోను, చీనాలోను పుట్టినదైనా, గింజనుంచే సులువుగా పెరుగుతుంది. నీరు నిలవని నేల, ఎండ చాలు. దక్షిణ ఆఫ్రికా తెల్ల ఐరిస్ బెంగుళూరు తోటలలో విరివిగా కనబడుతుంది. బ్రెజిలు దేశపు నడిచే ఐరిస్ అని ఇంకొకటి. ఒక్క పగలు పూచి, పూచిన కాడ వంగి నేలను తాకి, అక్కడ పిల్లమొక్క వేరు వేసుకుంటుంది. ఇవి రెండూ ఐరిస్‌కు దాయాదులే గాని సొంత బిడ్డలు కావు. ఇక మన కంచెలలో వానకాలంలో మంటలాగా పూచే అడవినాభి ఉన్నది. అది మన వేసవిలోనే నిద్రపోయే మన మొక్క. అందం చెప్పనలవి కాదు, కాని దుంపలోను, గింజలోను ప్రాణం తీసే విషం ఉన్నది. పిల్లలు తిరిగే ఇంట పెట్టకండి.

సోదరిగారికి మా జవాబు: మీ నాలుగు దుంపలను వానకు తడవని చోట, ఇసుక కలిపిన కుండీలో వీపు పైకి పెట్టి, మన్ను ఎండాకనే నీళ్ళు చల్లండి. ఆకులు వస్తాయి, పువ్వు వస్తుందని మేము పూచీ పడలేము. చల్లని ఊరిలో బంధువులుంటే వారికి పంపడం మంచిది. దాని నిద్ర అక్కడ ఉన్నది. దానికి బదులుగా మా తొట్టిలోనుంచి ఒక వస దుబ్బు ఇస్తాము.

వచ్చే ఉగాదికి మేము తొట్టి దించి దుబ్బును విడదీస్తున్నాము. పది పన్నెండు పిలకలు రావచ్చును. కావలసిన కుటుంబాలవారు ఒక డబ్బా, కాస్త తడిగుడ్డ తెచ్చుకోండి. ఖరీదు ఏమీ లేదు. ఒక్కటే షరతు: మీ దగ్గర పెరిగాక ఇంకొక ఇంటికి ఇవ్వాలి. మా అమ్మగారు అరుగుమీదనే ఉంటారు. దుబ్బు చేతిలో పెట్టేముందు ఒక అరగంట మాట్లాడనిదే పంపరు. తొందరపడకండి.